టోయింగ్ పనిలో కొత్త: తాడు బిగిసినప్పుడు నేనెక్కడ నిలబడాలి?

కొత్తచెయ్యి:

అందరికీ నమస్కారం. టోయింగ్ బండి మీద హెల్పర్‌గా కొత్తగా చేరాను. మా దగ్గర ఫ్లాట్‌బెడ్ (కారును పైకెక్కించుకునే చదును తొట్టి లారీ) ఒకటి, వెనక బూమ్, అంటే ఎత్తే చెయ్యి ఉన్న పాత రికవరీ లారీ ఒకటి ఉన్నాయి. మా మేస్త్రికి పని బాగా వచ్చు, మనిషి కూడా మంచివాడు. కానీ కొన్ని విషయాల్లో నాకు లోపల భయంగా ఉంది. అడిగితే "చేస్తూ ఉంటే నీకే తెలుస్తుందిలే" అంటాడు.

విన్చ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) తిరుగుతుంటే ఉక్కుతాడు డ్రమ్ము మీద వరసగా పడాలని చేత్తో పట్టి నడిపించమంటాడు. తాడు మీద గోనెసంచి ఒకటి వేస్తాం, అదుంటే తెగినా ఏం కాదంటాడు. మొన్న బురదలో దిగిన జీపుకి, ట్రైలర్ తగిలించే బాల్ ఉంటుంది కదా, దానికి బెల్టు వేసి ఇంకో బండితో జెర్కు ఇచ్చి లాగాం. జీపు బయటికి వచ్చేసింది. కానీ ఆ బాల్ ఊడివస్తే ఎటు పోయేది, నేనెక్కడున్నాను అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

నేను అడగదలచుకున్నది ఇదే. తాడు బిగిసి ఉన్నప్పుడు మనిషి ఎక్కడ నిలబడాలి? సంచి నిజంగా కాపాడుతుందా? రాత్రిపూట రోడ్డు పక్కన పని చేసేటప్పుడు ఏం చూసుకోవాలి? ఎలక్ట్రిక్ కార్లు కూడా వస్తున్నాయి, వాటి దగ్గర చెయ్యి ఎక్కడ పెట్టకూడదో తెలియదు. పని తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకొక్కెం:

తమ్ముడూ, ఆ ఆలోచనను వదలనివ్వకు. బాల్ ఎటు పోయేది, నేనెక్కడున్నాను అని అడిగావు చూడు, ఈ పనిలో అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. నేను రికవరీలోనే ఉన్నాను, ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పుతున్నాను. బండి ఎలా బయటికి వస్తుందో తర్వాత చూద్దాం, ముందు ఎవరు ఎక్కడ నిలబడతారో తేల్చండి అని వాళ్లతో చెబుతాను. అది తేలకుండా నా దగ్గర కొక్కెం తగలదు.

ముందు ఆ బాల్ సంగతి. ట్రైలర్ బాల్ ఉన్నది ట్రైలర్‌ని నిదానంగా లాక్కుపోవడానికి. ఇరుక్కున్న బండిని జెర్కుతో పీకే బలం దాని మెడ మీద పడితే అది విరుగుతుంది. విరిగిందంటే సాగిన బెల్టు ఆ ఇనుప గుండును ఉండేలు రాయిలా విసురుతుంది. అద్దాన్ని, సీటును చీల్చుకుంటూ పోయి లోపలున్న మనుషుల ప్రాణం తీసిన సంఘటనలు లోకంలో ఉన్నాయి. ఇంకెప్పుడూ ఎవర్నీ దానికి బెల్టు వేయనివ్వకు. కారు అడుగున కనిపించే సన్నటి ఇనుప కళ్లు కూడా అంతే. కారును ఓడలోనో ట్రక్కులోనో కదలకుండా కట్టడానికి వాటిని పెడతారు, లాగడానికి కాదు. ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన, బరువు రాసి ఉన్న రికవరీ పాయింటు ఉంటే అది వాడాలి. లేకపోతే బండి పుస్తకంలో కంపెనీవాళ్లు ఎక్కడ తగిలించమన్నారో చూడాలి.

జెర్కుతో లాగే తాడు వేరు, మామూలు టో బెల్టు వేరు. కైనెటిక్ తాడు 30 శాతం దాకా సాగేలా నేస్తారు. ఆ సాగుడే బండిని పీకుతుంది, బలాన్ని కొంచెం కొంచెంగా ఎక్కిస్తుంది. సాగని బెల్టుతో జెర్కు ఇస్తే బలమంతా ఒక్కసారిగా కొక్కెం మీద పడుతుంది. మరో మాట, రెండు బెల్టుల్ని మధ్యలో షాకిల్ (పిన్నుతో మూసే 'యు' ఆకారపు ఇనుప కడియం) పెట్టి కలపకూడదు. ఒక బెల్టు తెగితే ఆ షాకిల్ తిన్నగా ఏదో ఒక బండి అద్దంలోకి వస్తుంది. కొసల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి కలపాలి, మధ్యలో ఇనుము ఉండకూడదు.

ఇక సంచి. తాడు మీద బరువు వేయడం మంచి అలవాటే, మానొద్దు. తెగినప్పుడు కొస గాల్లోకి లేవకుండా అది కిందికి లాగుతుంది. కానీ ఖాళీ గోనెసంచికి ఆ బలం ఉండదు. ఇసుక నింపిన సంచిగానీ, తాడుకు వేయడానికే చేసిన బరువైన డ్యాంపర్‌గానీ తాడు మధ్యలో వేయాలి, పొడవెక్కువైతే రెండు. అవి వేసినా దెబ్బ తగ్గుతుందేగానీ పోదు. సంచి ఉందిగదా అని దగ్గరికి జరిగితే సంచి వేసి లాభం లేదు. ఉక్కుతాడు తెగితే వచ్చిన దారినే తిన్నగా వెనక్కి రాదు, పక్కకు కొడుతుంది, చుట్టుకుంటుంది. నా లెక్క ఒకటే. విప్పిన తాడు ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో, అదీ తాడుకు పక్కగా ఉండాలి. తాడు గీతలో, అటు కొసనగానీ ఇటు కొసనగానీ, ఎవరూ ఉండకూడదు. విన్చ్ నడిపేవాడు వైరు రిమోటు బారుగా లాక్కుని పక్కకు పోవాలి, లేదా బండి లోపల కూర్చుని బానెట్ ఎత్తి పెట్టుకోవాలి. చూసేవాళ్లు గుమిగూడితే నేను విన్చ్ ఆపేస్తాను. వాళ్లు దూరం జరిగాకే మళ్లీ తిప్పుతాను, ఎంత ఆలస్యమైనా సరే.

కప్పీ పెట్టి తాడును మళ్లించినప్పుడు కొత్తవాళ్లు ఒక చోట పొరబడతారు. తాడు కప్పీ దగ్గర 'వి' ఆకారంలో తిరుగుతుంది కదా, ఆ 'వి' లోపలి జాగా ఖాళీగా, నిమ్మళంగా కనిపిస్తుంది. కప్పీగానీ దాన్ని పట్టుకున్న లంగరుగానీ ఊడితే తాడు ఆ లోపలి జాగాలోంచే దూసుకుపోతుంది. అందులో అడుగు పెట్టొద్దు. పైగా తాడు వెళ్లి అదే దారిన తిరిగివస్తే కప్పీని పట్టుకున్న లంగరు మీద తాడు లాగే బలానికి రెండింతలు పడుతుంది. విన్చ్ 4 టన్నులు లాగుతుంటే లంగరు మోసేది 8 టన్నులు. చెట్టుకో స్తంభానికో కట్టేముందు ఆ లెక్క వేయాలి.

బురద లెక్క కూడా రాసుకో, ఎవరూ చెప్పరు. మట్టిలో చక్రాల లోతు దిగిన బండిని కదల్చడానికి సుమారు దాని బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే బరువుకు రెండింతలు, ఇంకా పైకి మునిగితే మూడింతలు అనుకోవాలి. సైనిక రికవరీ వాళ్లు వాడే లెక్క ఇది. అంటే 2 టన్నుల జీపు మడ్‌గార్డుల దాకా దిగితే 4 టన్నుల లాగుడు. అందులో ఉన్న సరుకు, నీళ్లు, మనుషుల బరువు కూడా కలుపుకోవాలి. ఎత్తు మీదికి లాగుతుంటే ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు పార పట్టుకోవాలి. చక్రాల ముందు మట్టి తవ్వి దారి చేస్తే బండి సులువుగా కదులుతుంది, తాడు మీద భారం తగ్గుతుంది. పార పని చేసేవాడిని చూసి తొందరపెట్టే మేస్త్రిని నేను ఒప్పుకోను.

విన్చ్ మీద రాసిన బలం డ్రమ్ము మీద అన్నిటికంటే లోపలి పొరకే వర్తిస్తుంది. పై పొరలకు వెళ్లేకొద్దీ లాగే బలం తగ్గిపోతుంది. అలాగని తాడంతా విప్పేయకూడదు. ఉక్కుతాడైతే కనీసం 5 చుట్లు డ్రమ్ము మీద మిగలాలి, లేకపోతే కొస ఊడివస్తుంది. చేత్తో నడిపించడం మాత్రం వద్దే వద్దు. ఉక్కుతాడులో తెగిన సన్న తీగలు ముళ్లలా లేచి ఉంటాయి. అవి గ్లవ్‌కి తగులుకుంటే చెయ్యి కూడా డ్రమ్ములోకి పోతుంది, విన్చ్ ఆగేలోపే. తాడు ఒక పక్కకే పడుతుంటే లాగుడు ఆపాలి, తాడు వదులు చేయాలి, అప్పుడు సర్దాలి. బరువు మీద ఉన్న తాడును ఎవరూ ముట్టుకోకూడదు, దాటకూడదు.

షాకిల్ మీద బరువు అచ్చు కొట్టి ఉంటుంది, అది రోజూ వాడదగిన బరువు. బెల్టు మీద చాలాసార్లు రాసేది తెగే బరువు. ఈ రెండూ ఒకటి కావు, పక్కపక్కన పెట్టి సరిపోయిందనుకోకు. అచ్చు లేని షాకిల్ సంచిలో ఉంటే తీసి పారేయండి. పిన్ను పోతే మామూలు బోల్టు వేయకూడదు. షాకిల్‌ని నిలువునా లాగాలి, పక్కకు 90 డిగ్రీల్లో లాగితే దాని సత్తువ సగానికి పడిపోతుంది.

పాతకొక్కెం:

రాత్రి రోడ్డు పని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది తాడుకంటే పెద్ద ప్రమాదం. తాడు మన చేతిలో ఉంటుంది, వచ్చే బండి ఉండదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 25 మీటర్లు వస్తుంది. డ్రైవరు నాలుగు సెకన్లు ఫోను చూస్తే 100 మీటర్లు కళ్లు మూసుకుని వచ్చినట్టే. త్రిభుజం బోర్డు 50 మీటర్ల దూరంలో పెడితే అతనికి నువ్విచ్చింది రెండు సెకన్లు. వేగం ఎక్కువున్న రోడ్డైతే ఇంకా దూరం పెట్టాలి. ముందు మలుపుగానీ ఎత్తుగానీ ఉంటే దానికి అవతలే పెట్టాలి. పెట్టడానికి వెళ్లేటప్పుడు గార్డు రెయిలింగుకు బయటివైపు నుంచి, వచ్చే బండ్లను చూస్తూ నడువు.

నీ బండి మీటలు రెండు పక్కలా ఉంటే ఎప్పుడూ ట్రాఫిక్ లేనివైపువే వాడు. చెడిపోయిన బండి యజమాని కుటుంబాన్ని ముందు దింపి రెయిలింగు అవతల నిలబెట్టు, బండ్లు వచ్చే దిక్కుకు, అంటే చెడిన బండికి వెనకవైపుకు, కొంచెం జరిపి. బండిని వెనకనుంచి గుద్దితే అది ముందుకే దూకుతుంది కాబట్టి దాని ముందు నిలబడకూడదు. నీ బండికీ చెడిన బండికీ మధ్య సందులోకి పని ఉన్నంతసేపే పో, బయటికి రా. నీ జాకెట్ మీద గ్రీజు, మట్టి పట్టాయా, ఆ పట్టీలు రాత్రి మెరవవు. ఉతుకు, పాతబడితే మార్చమని అడుగు. లైట్లు ఎన్ని వేస్తే అంత మంచిదనుకుంటారు. వచ్చేవాళ్ల కళ్లలోకి కొట్టే తెల్ల ఫ్లడ్‌లైటు వల్ల దాని ముందున్న మనిషి కనిపించడు. దాన్ని నేలవైపు తిప్పాలి.

ఫ్లాట్‌బెడ్ మీదికి కారు ఎక్కిస్తుంటే దాని వెనక ఎవరూ ఉండొద్దు. న్యూట్రల్‌లో ఉన్న కారుకు ఒకే కొక్కెం ఆధారం. పైకెక్కాక హ్యాండ్ బ్రేకు, చక్రాలకు అడ్డుచెక్కలు, నాలుగు మూలలా పట్టీలు వేసి, ఆ తర్వాతే విన్చ్ వదులు చేయాలి. విన్చ్ తాడే కట్టినట్టు లెక్క అనుకుని రోడ్డెక్కించేవాళ్లను చూశాను, దాన్ని నేను అసలు సహించను.

నారింజవైరు:

ఎలక్ట్రిక్ కార్ల గురించి నేను చెబుతాను, నా పని అదే. తమ్ముడూ, మొదటిది: చప్పుడు లేదంటే ఆగిపోయిందని కాదు. డాష్‌బోర్డు మీద 'రెడీ' అని వెలుగుతుంటే కాలు తగిలినా కదులుతుంది. తాళం జేబులో పెట్టుకుని కారు చుట్టూ తిరగొద్దు, కనీసం 5 మీటర్ల అవతల పెట్టండి.

బ్యాటరీ 400 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది, కొన్నింట్లో 800. ఆ వైర్లకు నారింజ రంగు తొడుగు ఉంటుంది. నారింజ కనిపిస్తే ముట్టుకోవద్దు, తెగి ఉంటే అసలు దగ్గరికే వెళ్లొద్దు. బ్యాటరీ సాధారణంగా కారు అడుగునంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి గొలుసుగానీ కొక్కెంగానీ అడుగున ఎక్కడ పడితే అక్కడ తగిలించకూడదు, జాకీ కూడా కంపెనీవాళ్లు చూపించిన చోటే.

మోటారుకు కలిసి ఉన్న చక్రాలు నేల మీద దొర్లుతుంటే మోటారు కరెంటు పుట్టిస్తుంది. అందుకే రెండు చక్రాలు ఎత్తి రెండు దొర్లిస్తూ లాగొద్దు. ఫ్లాట్‌బెడ్ మీద పెట్టండి, లేదా నాలుగు చక్రాలూ పైకి ఉండేలా డాలీలు (చక్రాల కింద పెట్టే చిన్న బండ్లు) వాడండి.

గుద్దుకున్న కారుగానీ నీటమునిగిన కారుగానీ అయితే నేను ముందు చెవి పెడతాను. బుసలు కొట్టే శబ్దం, చిటపటలు, అడుగునుంచి తెల్లటి పొగ, ఘాటైన వాసన వస్తే దూరం జరిగి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. ఆ పొగ పీల్చకూడదు. ఒకసారి ఆరిపోయిన బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మళ్లీ అంటుకుంటుంది. యార్డులో దాన్ని షెడ్డు కింద పెట్టొద్దు. నలువైపులా 15 మీటర్లు ఖాళీ ఉండేలా బయట పెట్టండి. ఈ ఒక్క మాట మీ యార్డు ఓనరుకు తప్పకుండా చెప్పు, రాత్రి కాపలా ఉండే మనిషి ఆ షెడ్డులోనే పడుకుంటాడు.

ఇంజన్ కారైనా ఎలక్ట్రిక్ కారైనా, పేలని ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసినా కొద్ది నిమిషాలు వాటిలో కరెంటు నిలవ ఉంటుంది. తల లోపలికి పెట్టేముందు ఆగండి. స్టీరింగుకు 25 సెంటీమీటర్లు, పక్క సీటు ముందు డాష్‌బోర్డుకు 50, తలుపువైపు 12 దూరం ఉంచుకోవాలని రెస్క్యూ దళాలు నేర్పుతాయి.

కొత్తచెయ్యి:

అక్కా, అన్నా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి, కానీ ఇవన్నీ ఇప్పుడే తెలిసినందుకు సంతోషం. ఇంకో రెండు అడుగుతాను. మాకు లారీలు కూడా వస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి చక్రాలను తిప్పే పొడవాటి కడ్డీ) విప్పి లాగుతాం. విప్పేటప్పుడు కిందకి దూరేది నేనే. ఇక మేస్త్రికి ఇవన్నీ ఎలా చెప్పాలి? నిన్నగాక మొన్న వచ్చి నాకే నేర్పుతావా అంటాడు.

పాతకొక్కెం:

లారీ కింద దూరేది నువ్వే గనక ఇది రెండుసార్లు చదువు. ఎయిర్ బ్రేకు లారీలో గాలి పోతే లోపలున్న స్ప్రింగులు బ్రేకు పట్టి ఉంచుతాయి. లాగాలంటే వాటిని విడిపించాలి. మన బండి నుంచి గాలి ఎక్కిస్తాం, లేదా స్ప్రింగు చాంబర్ వెనక బోల్టు తిప్పి స్ప్రింగును వెనక్కి లాగిపెడతాం. ఆ క్షణం నుంచి లారీని ఆపేది ఏదీ లేదు. గేరులో వేసి ఉంది కదా అనుకుంటావు. కానీ ప్రొపెల్లర్ షాఫ్టు విప్పావంటే గేరుకూ చక్రానికీ సంబంధం తెగింది. కంటికి చదునుగా కనిపించే నేల మీద కూడా అది దొర్లుతుంది, నువ్వు దాని కింద ఉంటావు.

అందుకే వరస ఎప్పుడూ ఇలాగే ఉండాలి. చక్రాలకు రెండువైపులా అడ్డుచెక్కలు, లారీని మన బండికి గట్టిగా తగిలించడం, ఆ తర్వాత షాఫ్టు విప్పడం, చిట్టచివర బ్రేకు విడిపించడం. గమ్యంలో దించేటప్పుడు వరస ఇది: ముందు చెక్కలు, బ్రేకు పట్టిందని చూసుకోవడం, ఆ తర్వాతే మన కొక్కెం విప్పడం. షాఫ్టు విప్పడం ఎందుకో కూడా తెలుసుకో. ఇంజన్ ఆగి ఉంటే చాలా గేరుబాక్సుల్లో ఆయిల్ పైకి తిరగదు, చక్రాలు తిప్పే వేగానికి లోపలి పళ్లు కాలిపోతాయి. పని వెనక కారణం తెలిస్తే తొందరలో వరస తప్పదు.

స్ప్రింగు చాంబర్‌కు చుట్టూ ఉన్న పట్టీని ఎప్పుడూ విప్పొద్దు. లోపల నొక్కి పెట్టిన స్ప్రింగు మనిషిని చంపేంత బలంతో బయటికి వస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ బండ్లు గాలి కారితే ఉన్నపళంగా కిందికి కూర్చుంటాయి. స్టాండు లేకుండా తల పెట్టకు. టిప్పరు తొట్టి లేచి ఉంటే దానికి అడ్డు పెట్టందే కిందికి పోవద్దు. బూమ్ ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడు.

మేస్త్రి సంగతి. ఆయన మంచివాడన్నావు, అది సగం పని. నేర్పినట్టు చెప్పకు. "అన్నా, తాడు బిగిసినప్పుడు నన్నెక్కడ నిలబడమంటారు?" అని ప్రతిసారీ, లాగకముందే అడుగు. అడిగితే ఆయన ఆలోచించక తప్పదు. తర్వాత ఒక ఒప్పందం కోరు: సైగలు చేసేది ఒక్కడే, కానీ "ఆపు" అనే హక్కు అందరికీ ఉంటుంది, ఎవరన్నా ముందు విన్చ్ ఆగుతుంది, ఎందుకని తర్వాత అడుగుతాం. నా దగ్గర హెల్పర్ ఆపమంటే నేను ఆపుతాను. ఉత్తినే ఆపినా కోప్పడను, కోప్పడితే రేపు నిజంగా ఆపాల్సినప్పుడు నోరు తెరవడు. చేత్తో తాడు నడిపించమంటే మాత్రం మర్యాదగా, గట్టిగా కాదను. వేళ్లు పోతే ఏ మేస్త్రీ తిరిగి ఇవ్వలేడు.

ట్యాంకర్‌దారి:

ఒకటి కలుపుతాను. బోల్తాపడ్డ ట్యాంకరు దగ్గరికి పిలిస్తే కొక్కెం తీయకముందు దూరం నుంచే నారింజ పలక మీద నంబరు చదవండి. 1203 అంటే పెట్రోలు, 1202 డీజిల్, 1075 ఎల్పీజీ. రెండు వరసలున్న పలకలో పై నంబరు ముందు 'ఎక్స్' అక్షరం ఉంటే ఆ సరుకు మీద నీళ్లు పడకూడదు. నంబరును అగ్నిమాపక దళానికి ఫోనులో చెప్పి, గాలి వచ్చే దిక్కున నిలబడండి, ఎత్తైన చోట. ఎల్పీజీ గాలికంటే బరువు, రోడ్డు పక్క గుంటల్లోకి పాకుతుంది. సీఎన్జీ తేలిక, పైకి పోతుంది, కానీ కప్పు ఉంటే దాని కిందే చేరుతుంది. పెట్రోలు ట్యాంకరు ఖాళీదే కదా అని దగ్గరకు పోవద్దు. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటుంది, నిండుదానికంటే అదే తేలిగ్గా పేలుతుంది. అధికారులు సరేననేదాకా విన్చ్ మోటారు కూడా తిప్పొద్దు.

కొత్తచెయ్యి:

ఈరోజు పొద్దున మేస్త్రితో కూర్చుని షాకిళ్లన్నీ బయటికి తీశాం. అచ్చు లేనివి పక్కన పెట్టాడు, ఏమీ అనలేదు. ఉక్కుతాడు తీసేసి సింథటిక్ తాడు వేద్దామా అని ఆయనే అడిగాడు. అది మంచిదేనా అన్నా?

పాతకొక్కెం:

మీ మేస్త్రికి నా నమస్కారం చెప్పు. మంచిదే. బరువు చాలా తక్కువ కాబట్టి తెగినా ఉక్కుతాడంత దెబ్బ కొట్టదు, చేతులకు ముళ్లు గుచ్చుకోవు. కానీ కొస మీద ఉన్న కొక్కెం ఇనుమే, దూరం మాత్రం అంతే పాటించాలి. ఉక్కుతాడు తిరిగిన రోలర్ల మీద గాట్లు పడి ఉంటాయి, అవి కొత్త తాడును కోసేస్తాయి. రోలర్లు తీసి నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ (తాడు బయటికి వచ్చే చోట ఉండే కంత పలక) వేయించండి. రాళ్ల అంచుల మీద తాడు రాసుకునే చోట తొడుగు వేయాలి. కొన్ని విన్చ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉండి వేడెక్కుతుంది, ఆ వేడికి సింథటిక్ తాడు కరుగుతుంది. మీది ఆ రకమో కాదో చూసుకుని, వేడిని తట్టుకునే తొడుగున్న తాడు కొనండి. డ్రమ్ము మీద 5 చుట్లు చాలవు, ఇది జారుడు ఎక్కువ, 8 నుంచి 10 మిగలాలి. బురద పని అయ్యాక నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి, పోగుల మధ్య ఇసుక ఉంటే లోపలినుంచి కోస్తుంది. ఎండలో వదిలేస్తే సత్తువ తగ్గుతుంది. పోగులు గట్టిపడి మెరుస్తుంటే అక్కడ కాలిందని అర్థం, అక్కడితో కోసి కొత్త కన్ను (కొక్కెం తగిలించే ఉచ్చు) అల్లించండి.